మందారం స్కాన్ చేస్తే ఒక్క రేకే స్పష్టంగా వస్తోంది, మిగతాదంతా మసక. ఏం చేయాలి?

పర్లాకిమిడి పెరడు
ప్రింటర్‌తో పాటు వచ్చిన స్కానర్ మీద వారం రోజులుగా అమ్మ పెరట్లోని పూలు, ఆకులు పెట్టి స్కాన్ చేస్తున్నాను. ఆకులు బాగానే వస్తున్నాయి. మందారం దగ్గరే ప్రాణం విసిగిపోయింది. అద్దానికి ఆనిన రేకు మీద ఈనెలు లెక్కపెట్టొచ్చు, దానికి కాస్త పైనున్న రేకులన్నీ పొగమంచులో ఉన్నట్టున్నాయి. మధ్యలోని పొడవాటి కాడ నలిగి పక్కకి వాలిపోతోంది. మూత వేస్తే పువ్వు చితుకుతోంది, వేయకపోతే వెనకంతా మురికి బూడిద రంగు. నిన్న ఒక్కరోజే పదకొండు మందారాలు పాడుచేశాను. దేవుడికి పెట్టాల్సిన పూలని అమ్మకి కోపం. ఇది స్కానర్ తప్పా, నా చేతి తప్పా? చేసినవాళ్లుంటే చెప్పండి.

రాయగడ రైలుబండి
ఫోన్‌తో ఫోటో తీస్తే అయిపోయేదానికి ఇంత టెన్షన్ ఎందుకండీ? పువ్వు చెట్టు మీదే ఉంటుంది, అమ్మగారికి కోపం రాదు.

బరంపురం బంతి
ఫోన్ వేరు, ఇది వేరు అన్నా. ఫోన్ ఒకే చోట నిలబడి చూస్తుంది. స్కానర్ కన్ను పువ్వు కింద నడుచుకుంటూ వెళ్తుంది, ఒక్కో గీత చదువుకుంటూ. ఏ చోట చూసినా ఎదురుగా ముఖం పెట్టి చూసినట్టే వస్తుంది. వెలుతురు కూడా దానిదే, రేకుకి బాగా దగ్గర్లో. ఒక్కసారి చూస్తే మీరే వదలరు.

జయపురం జిరాక్స్
చేతి తప్పు కాదమ్మా, స్కానర్ రకం అలాంటిది. పద్దెనిమిదేళ్లుగా జిరాక్స్ షాపు నడుపుతున్నాను, ఇది రోజూ చూసే సంగతే.

ఫ్లాట్‌బెడ్ స్కానర్లు రెండు రకాలు. ఒకటి సీఐఎస్. అద్దం కిందే, కాగితం వెడల్పంత పొడవున్న పట్టీలో కళ్లు వరసగా ఉంటాయి. చిన్న ఎల్‌ఈడీలు ఎరుపు, ఆకుపచ్చ, నీలం వంతులవారీగా వెలుగుతాయి. కాగితం అద్దానికి అతుక్కునే ఉంటుంది కాబట్టి దీనికి లోతు చూడాల్సిన పని లేదు. ఒకటి రెండు మిల్లీమీటర్లు పైకి లేస్తే మసకే. రెండోది సీసీడీ. అందులో అద్దాలు, లెన్సు ఉంటాయి, బొమ్మని అద్దాల్లో మడిచి చిన్నది చేసి చిప్ మీద పడేస్తుంది. లెన్సు ఉంది కాబట్టి లోతు కనిపిస్తుంది. అంగుళం ఎత్తున్న పువ్వు కూడా ఆకారంగా వస్తుంది, వెనక్కి వెళ్లేకొద్దీ నెమ్మదిగా చీకట్లో కలిసిపోతుంది.

ప్రింటర్‌తో కలిసి వచ్చేవి చాలామటుకు సీఐఎస్. విడిగా దొరికేవాటిలో సన్నగా ఉండి యూఎస్‌బీ తీగతోనే కరెంటు తీసుకునేవీ అవే. కానన్ లైడ్ రకాలన్నీ సీఐఎస్, ఎప్సన్ వీ39 కూడా. అదే ఎప్సన్ వీ600 అయితే సీసీడీ. లావుగా, బరువుగా, వేరే అడాప్టర్‌తో ఉన్న పాత స్కానర్ ఏ ఆఫీసులోనో మూల పడి ఉంటే అది సీసీడీ అయ్యే అవకాశం ఎక్కువ. పారేయనివ్వకండి.

పర్లాకిమిడి పెరడు
నాది ప్రింటర్‌తో వచ్చిందే. అంటే మందారం మీద ఆశ వదులుకోవాలా?

దెగ్లూర్ దవనం
వదులుకోవద్దు! జిరాక్స్ అన్న చెప్పింది నిజమే కానీ, సీఐఎస్ పనికిరాదన్నట్టు ధ్వనిస్తోంది. నాలుగేళ్లుగా నా పనంతా సీఐఎస్ మీదే. బల్లపరుపుగా ఉండేవాటికి దాన్ని మించింది లేదు. రావి ఆకుని నీళ్లలో వారాల తరబడి నానబెట్టి, మెత్తబడ్డాక పాత టూత్‌బ్రష్‌తో గుజ్జంతా మెల్లగా తీసేస్తే జల్లెడలా ఈనెలు మిగులుతాయి చూడండి, దాన్ని స్కాన్ చేశాను. ఒక్కో గడి లోపల ఇంకా చిన్న గడులు, వాటి లోపల ఇంకా చిన్నవి. ఫోన్‌లో ఇది రాదు.

మందారం పువ్వునే అద్దం మీద పెట్టాలని లేదు కదా. రేకులు విడదీసి ఐదింటినీ పరవండి. కాడని నిలువునా బ్లేడుతో చీల్చి పక్కన పెట్టండి. అండాశయంతో సహా అదీ ఒక బొమ్మే.

జయపురం జిరాక్స్
పనికిరాదని నేను అనలేదమ్మా, లోతు చూడదన్నాను. ఆకుకి మీరన్నది ఒప్పుకుంటాను.

గునుపురం మాస్టారు
దవనం గారు చెప్పిన పద్ధతి వృక్షశాస్త్రంలో పాతదే. పువ్వు బొమ్మ పక్కన విడదీసిన రేకులు, కేసరాలు, కాయ కోత వేసేవారు. మన వైపు ఉదాహరణే ఒకటి చెబుతాను. వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా బొటానికల్ తోట బాధ్యతకి వెళ్లకముందు సామర్లకోటలో ఉండేవాడు. ఉత్తర సర్కార్ల మొక్కలని ఇక్కడి చిత్రకారుల చేత గీయించాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద 1795 నుంచి అచ్చయిన ఆయన సంపుటాల్లో 300 చిత్రాలున్నాయి. మొక్కల తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. ఆ గీసినవాళ్లకి స్కానర్ లేదు, మనకుంది.

అద్దం లేకుండా, కెమెరా లేకుండా ఆకు బొమ్మ తీసే ఇంకో దారి సయనోటైప్, అంటే మందు పూసిన కాగితాన్ని ఎండకి పెట్టి నీలి బొమ్మ తీయడం. జాన్ హెర్షెల్ అనే శాస్త్రవేత్త 1842లో కనిపెట్టాడు, మరుసటి ఏడే ఆనా అట్కిన్స్ సముద్రపు నాచుమొక్కలని ఆ నీలి కాగితం మీద ఎండకి పెట్టి పుస్తకం మొదలుపెట్టింది. నేను బడిలో పిల్లల చేత అడ్డాకుతో చేయించాను. ఎండ తగిలిన చోట నీలం, ఆకు నీడ పడ్డ చోట తెలుపు.

రాయగడ రైలుబండి
మాస్టారూ, అడ్డాకు అంటే మన విస్తళ్లు కుట్టేదేనా? ఒడియాలో సియాళి అంటారు?

గునుపురం మాస్టారు
అదే. దాని లేత చిగురు ఎప్పుడైనా చూశారా? ఎర్రగా, ముఖమల్‌లా నూగుతో ఉంటుంది. స్కానర్ మీద పెడితే ఆ నూగు ఒక్కో వెంట్రుకగా కనిపిస్తుంది. పెద్దాకు రెండు తమ్మెలుగా చీలి ఉంటుంది కదా, చిగురులో ఆ రెండూ చేతులు జోడించినట్టు మూసుకుని ఉంటాయి.

బరంపురం బంతి
వెనక బూడిద రంగు సంగతి ఎవరూ చెప్పలేదు. అక్కా, మూత పూర్తిగా ఎత్తేసి గది చీకటి చేసేయండి. తలుపులు, కిటికీలు మూసి లైట్లు ఆపేయాలి. స్కానర్ వెలుతురు పువ్వుకి తగిలి వెనక్కి వస్తుంది, పువ్వు లేని చోట పైకి పోయి తిరిగి రాదు. అంతే, వెనకంతా నిఖార్సైన నలుపు. పగలు చేయాలంటే చెప్పుల డబ్బా లోపల నల్ల వెల్వెట్ గుడ్డ అంటించి పువ్వు మీద బోర్లించండి. మామూలు నల్ల గుడ్డ పెడితే ముడతలన్నీ కనిపిస్తాయి, వెల్వెటే కావాలి.

పర్లాకిమిడి పెరడు
చీకటి దగ్గరే గొడవ! దీపాలు పెట్టాక పూలు కోయకూడదని అమ్మ. మధ్యాహ్నం కోసి రాత్రికి దాస్తే మందారం ముడుచుకుపోతోంది.

కొరాపుట్ కాఫీ
చెప్పుల డబ్బాయే మీకు దిక్కు అయితే.

సిరోంచ గునుగు
మా ఇంట్లోనూ అంతే అక్కా, ప్రాణహిత ఇవతల ఉన్నా ఆచారాలు అవే. నేను తెల్లారుజామున నాలుగున్నరకి లేస్తాను. అప్పుడు కోస్తే ఎవరూ ఏమీ అనరు, గది ఎలాగూ చీకటే.

పోయిన బతుకమ్మకి చేసింది చెబుతాను. మామూలుగా బతుకమ్మ పేర్చేటప్పుడు కింద పెద్ద వరస వేసి, మీదికి పోయేకొద్దీ చిన్నది చేస్తాం కదా. స్కానర్ మీద అంతా తిరగబడుతుంది. కన్ను కింద ఉంది, మనం మీద ఉన్నాం. ముందు పెట్టిందే బొమ్మలో ముందుకొస్తుంది. మొదటిసారి అలవాటుగా తంగేడు వరస బయట పేర్చి లోపలికి వచ్చాను, స్కాన్ చూస్తే లోపలి పూలన్నీ తంగేడు వెనక దాక్కున్నాయి. రెండోసారి నడిమధ్య గుమ్మడి పువ్వుతో మొదలుపెట్టి, దాని చుట్టూ బంతి, తర్వాత గునుగు, చివరికి తంగేడు. అప్పుడు కుదిరింది. గౌరమ్మని బోర్లా పెట్టడానికి మనసొప్పలేదు, అందుకే గుమ్మడి పువ్వు. గునుగు కంకి కొనన గులాబీ, కింది వైపు వెండి. రంగు అద్దకుండా పెట్టాను, ఆ వెండి పోకూడదని.

దెగ్లూర్ దవనం
చదువుతుంటేనే కళ్ల ముందు కనిపిస్తోంది. మా అత్తగారికి చూపించాలి. బంతిని మరాఠీలో ఝెండూ అంటారు ఆవిడ, పువ్వుల దగ్గర మాత్రం మా ఇద్దరికీ భాష అడ్డం రాదు.

జయపురం జిరాక్స్
పూలు పెట్టేవాళ్లందరికీ ఒక మాట. నా షాపులో పాత స్కానర్ ఒకటి పూల వల్లే పోయింది. ఎవరో తడి పూలు పెట్టారు, అద్దం అంచు సందులోంచి నీళ్లు లోపలికి దిగాయి, అద్దం లోపలి వైపు ఆవిరి పట్టి మచ్చలు తేలాయి. అద్దం మీద పారదర్శకమైన ఓహెచ్‌పీ షీటు పరిచి దాని మీదే పూలు పెట్టండి. పాలు కారే పూలు అయితే తప్పనిసరి. దేవగన్నేరు, నందివర్ధనం, జిల్లేడు కోసిన వెంటనే పెట్టకండి, కాడ చివర తుడిచి పది నిమిషాలు ఆగండి. తుడిచేటప్పుడు ద్రవం అద్దం మీద చల్లొద్దు, గుడ్డ మీద చల్లి తుడవండి.

స్కాన్‌లో పైనుంచి కిందిదాకా సన్నని గీత వస్తే అద్దం గీసుకుపోయిందని కంగారు పడకండి. అద్దం మొదట్లో అంచు కింద ఒక తెల్ల పట్టీ ఉంటుంది. మెషిన్ ముందు దాన్ని చూసి తెలుపంటే ఇదీ అని గుర్తు పెట్టుకుంటుంది. పుప్పొడి లోపలికి జారి ఆ పట్టీ దగ్గర చేరితే బొమ్మ పొడవునా గీత పడుతుంది.

కొరాపుట్ కాఫీ
నేను ఒక చోట సెకండ్ హ్యాండ్ సీసీడీ కొన్నాను. ఇంటికి తెచ్చి చూస్తే అద్దం లోపల మసక. తిరిగి తీసుకునేది లేదన్నారు, డబ్బు పోయింది. కొనేవాళ్లు టార్చి వేసి అద్దం లోపలి వైపు చూసుకోండి. తెల్ల కాగితం స్కాన్ చేసి గీతలున్నాయేమో చూడండి. కింద, లోపలి కన్ను కదలకుండా పట్టే తాళం మీట ఉంటుంది, అది తీయకుండా ఆన్ చేస్తే లోపల కిర్రుమంటుంది. కొత్త విండోస్‌కి పాత స్కానర్ డ్రైవర్ దొరక్కపోతే వ్యూస్కాన్ అనే సాఫ్ట్‌వేర్ కొనుక్కోవచ్చు, లినక్స్ ఉంటే సేన్ ఉచితం.

రాయగడ రైలుబండి
సరే, మీ అందరి మాట విని ఆఫీసు స్కానర్ మీద శంఖుపుష్పం పెట్టాను. పని గంటలు అయ్యాకే, ఎవరూ తప్పుగా అనుకోవద్దు. ఇంత వస్తుందనుకోలేదు. ఆ నీలంలో తెల్లటి గొంతు, దాని చుట్టూ పసుపు అంచు... ఫోన్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఒకటే అనుమానం, రేకు మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం ముక్కలుగా వంకర గీత ఒకటి పడింది. మెషిన్ పాడయిందా?

జయపురం జిరాక్స్
చీమ.

రాయగడ రైలుబండి
ఏమిటీ?

జయపురం జిరాక్స్
పువ్వులోంచి చీమ దిగి స్కాన్ అవుతుండగా అద్దం మీద నడిచింది. మూడు రంగులూ వేర్వేరు క్షణాల్లో తీస్తుంది కదా, ఎరుపు తీసినప్పుడు చీమ ఒక చోట, నీలం తీసేసరికి ఇంకో చోట. కదిలేది ఏదైనా అలాగే వస్తుంది. పువ్వుని ఒకసారి విదిలించి పెట్టండి.

బరంపురం బంతి
ఆ చీమ బొమ్మ దాచుకోండి అన్నా! ఇంద్రధనుస్సు మీద నడిచిన చీమ ఎవరికి దొరుకుతుంది!

సిరోంచ గునుగు
మోదుగు పూలు పెడితే నాకు ఎరుపంతా ఒకే ముద్దగా వచ్చింది, రేకు మీద గీతలే లేవు. మందారానికీ అదే జరుగుతుందేమో.

దెగ్లూర్ దవనం
అవును. ఎరుపు చానెల్ నిండిపోయి పొంగిపోతుంది. స్కాన్ చేశాక సరిదిద్దుదామంటే అక్కడ సమాచారమే ఉండదు, స్కాన్ చేసే ముందే ఎక్స్‌పోజర్ తగ్గించాలి. బొమ్మ కాస్త నల్లగా వచ్చినా ఫరవాలేదు, ఫోటోలు సరిదిద్దే గింప్ సాఫ్ట్‌వేర్‌లో వెలుతురు పెంచుకోవచ్చు. డాక్యుమెంట్ మోడ్‌లో మాత్రం పెట్టకండి, ఫోటో మోడ్ పెట్టండి. షార్ప్‌నెస్, దుమ్ము తీసేది, ఆటో కలర్ అన్నీ ఆపేయండి. దుమ్ము తీసేది పుప్పొడిని కూడా దుమ్మనుకుని తుడిచేస్తుంది.

బరంపురం బంతి
డీపీఐ, అదే అంగుళానికి ఎన్ని చుక్కలని, ఎంత పెడుతున్నారు అందరూ? నేను 300.

జయపురం జిరాక్స్
అది కాగితాలకి. పువ్వుకి 1200 పెట్టమ్మా. పది సెంటీమీటర్ల పువ్వు 1200లో తీస్తే అడ్డంగా 4,700 పిక్సెళ్లు దాటుతాయి, 300లో ప్రింట్ వేస్తే 40 సెంటీమీటర్ల పువ్వు అవుతుంది. అయితే ప్రివ్యూలో పువ్వు ఉన్న చోటు వరకే గీత గీసి ఎంచుకో. ఏ4 అద్దం మొత్తం 1200లో తీస్తే 400 ఎంబీ పైమాటే. నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా దాచుకో, ప్రింట్‌కి ఇచ్చేటప్పుడు మాత్రమే జేపెగ్ చెయ్యి.

పర్లాకిమిడి పెరడు
ఇన్ని చెప్పారు, ఇది ఎందుకు చేస్తున్నానో నేను చెప్పలేదు. సంక్రాంతి దాటాక మా పెరట్లో తమ్ముడి కోసం గదులు వేస్తున్నారు. తప్పదు, వాళ్లకీ చోటు కావాలి. పెరట్లో మొక్కలు లెక్కపెడితే 34 ఉన్నాయి. అన్నీ అమ్మ చేతితో వేసినవి, కొన్నిటి అంట్లు ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చినవి. పువ్వు, ఆకు, మొగ్గ, కాయ ఉంటే కాయ, ప్రతి మొక్కకీ ఒక పేజీ చేద్దామని నా ఆశ. కింద అమ్మ చెప్పిన పేర్లు తెలుగులోనూ ఒడియాలోనూ రాస్తాను. నందివర్ధనం, టగర. శంఖుపుష్పం, అపరాజిత. పారిజాతం, గంగశిఉళి. అందుకే మందారం కుదరకపోతే ఏడుపొచ్చింది.

గునుపురం మాస్టారు
అమ్మా, ఇది ముందే చెప్పాల్సింది. స్కాన్లు మీరు చేసుకోండి, మొక్కల సంగతి కూడా చూద్దాం. మందారం, నందివర్ధనం, గన్నేరు కొమ్మ గుచ్చితే బతుకుతాయి. పెన్సిలంత లావు కొమ్మలు జానెడు పొడవున కోసి నీడలో గుచ్చండి. పారిజాతానికి విత్తనం దారి ఉంది. బిళ్లలా బల్లపరుపుగా కాయలు వస్తాయి, గోధుమరంగుకి తిరిగాక విడదీస్తే ఒక్కో కాయలో రెండు విత్తనాలు. కోసి పెట్టుకోండి.

దెగ్లూర్ దవనం
మందారానికి ఇంకో చిట్కా. థర్మాకోల్ ముక్కకి చిల్లులు పెట్టి కాడలు అందులోంచి దూర్చండి, పూలు కిందికి వేలాడేలా. ఆ ముక్కని నాలుగు వైపులా పుస్తకాల మీద ఆనించి అద్దం మీదికి దింపండి. పువ్వు బరువు అద్దం మీద పడదు, రేకుల అంచులు మాత్రమే తాకుతాయి. సీఐఎస్ మీద మధ్యభాగం మసకగానే ఉంటుంది, కానీ రేకు నలగదు. విడదీసిన రేకుల స్కాన్ దాని పక్కన పెడితే పేజీ నిండుతుంది.

జయపురం జిరాక్స్
నా దగ్గర పాత సీసీడీ ఒకటి షాపులో ఊరికే ఉంది. మెసేజ్ పెట్టండి, పర్లాకిమిడి వైపు వచ్చేవాళ్లతో పంపుతాను. పేజీలు అయ్యాక తిరిగి ఇద్దురుగాని.

కొరాపుట్ కాఫీ
పురుగు కొట్టిన ఆకులు వస్తే పక్కన పడేస్తారా, గింప్‌లో పూడుస్తారా? నేను చిల్లులు పూడ్చేస్తాను, శుభ్రంగా ఉంటుంది.

దెగ్లూర్ దవనం
పూడ్చకండి! ఆ చిల్లు అంచు చుట్టూ గోధుమరంగు గీత ఉంటుంది, ఆకు తన గాయాన్ని మాన్పుకున్న గుర్తు అది. అది తీసేస్తే ఏ ఆకైనా ఒకటే.

కొరాపుట్ కాఫీ
ప్రింట్ వేసి గోడకి తగిలించేవాళ్లకి చిల్లులు నచ్చవండీ. ఎవరి ఇష్టం వాళ్లది.

పర్లాకిమిడి పెరడు
వారం తర్వాత వస్తున్నాను. జిరాక్స్ అన్నయ్య స్కానర్ నిన్న చేరింది, మీ మేలు మర్చిపోను.

ఇవాళ తెల్లారుజామున పారిజాతం చేశాం. చేశాం అంటున్నాను, ఎందుకంటే అమ్మ కూడా లేచింది. కింద రాలిన పువ్వు దేవుడికి పనికొచ్చేది ఇదొక్కటే కదా, కోసే పని లేదు, అందుకని ఆవిడకి అభ్యంతరం లేకపోయింది. చెట్టు కింద కొంగు పరిచి ఏరింది. మంచు తడి ఉందని ఒక్కో పువ్వునీ పాత నూలు చీర ముక్క మీద ఆరబెట్టింది. షీటు మీద పెట్టడం మొదలుపెట్టాక గునుగు గారి మాట గుర్తొచ్చింది, ముందు పెట్టిందే ముందుకొస్తుందని. నాలుగు పూలు ముఖం కిందికి, మూడు పక్కకి పడుకోబెట్టి. పక్కకి పెట్టినవాటి కాషాయం రంగు కాడలు మొదటిసారి పూర్తిగా కనిపించాయి. రేకులు గాలిపంఖాలా ఒకే వైపు తిరిగి ఉంటాయి, కింది నుంచి చూస్తే ఆ తిప్పు ఇంకా బాగా తెలుస్తోంది. సగం స్కాన్ అయ్యాక కరెంటు పోయింది. వచ్చేసరికి పూలు వాలిపోతాయని భయపడ్డాను, ఇరవై నిమిషాల్లో వచ్చింది, సరిపోయింది.

ఆకు ఏది పెట్టాలా అని వెతుకుతుంటే అమ్మ ఒకటి తెచ్చి ఇచ్చింది. గరుకుగా, ఒక మూల పురుగు తిన్నది. మంచిది పెడదాం అన్నాను. ఈ చెట్టుకి ఏటా ఈ నెలలో పురుగు వస్తుంది, ఇదే పెట్టు అంది.

దెగ్లూర్ దవనం
అమ్మగారికి నా నమస్కారం చెప్పండి.

జయపురం జిరాక్స్
చిన్న యూపీఎస్ పెట్టుకోండమ్మా, సగంలో ఆగితే మళ్లీ మొదటి నుంచి తీయాలి. పారిజాతం ఆకు గరుకు కదా, ఓహెచ్‌పీ షీటు గీసుకుపోయి ఉంటుంది, కొత్తది వేసి మిగతావి చేయండి.

రాయగడ రైలుబండి
మా క్వార్టర్ వెనక పారిజాతం ఉంది మాస్టారూ. కాయలు ముదిరాక ఏరి పర్లాకిమిడి పంపమంటారా?

పర్లాకిమిడి పెరడు
పంపండి అన్నయ్యా, మా చెట్టువి ఎన్ని వస్తాయో తెలీదు. రేపు నందివర్ధనం. పాలు ఆరడానికి పది నిమిషాలు అని గోడ మీద రాసి పెట్టుకున్నాను.